పెడల్ మీద చెక్క

9, సోమవారం

పెయింటర్ బతికే ఉన్నాడు. ఆసుపత్రి నుంచి ఓనరు ఫోన్ చేసి చెప్పాడు. నాలుగు పక్కటెముకలు విరిగాయట, ఊపిరితిత్తికి దెబ్బ తగిలిందట. బతికే ఉన్నాడు.

రేపు రాస్తాను.

10, మంగళవారం

వరసగా రాసుకుంటాను. మెకానిక్‌ని కదా, దేని తర్వాత ఏది విప్పామో గుర్తుపెట్టుకోకపోతే బిగించేటప్పుడు ఒక నట్టు చేతిలో మిగిలిపోతుంది.

కొత్త గోడౌన్. పైకప్పు కింది ఇనప దూలాలకు రంగు వేయాలి. మనుషుల్ని బుట్టలో నిలబెట్టి పైకెత్తే బూమ్ లిఫ్టులు రెండు మా యార్డు నుంచి అద్దెకు వెళ్లాయి. ఒకదాని బుట్టలో మా అన్న, పెయింటర్. అన్న నడుపుతాడు, పెయింటర్ రంగు వేస్తాడు. రెండోదానికి ఆయిల్ కారుతోందంటే పైపు మార్చడానికి నేను వెళ్లాను.

పదకొండు దాటాక ఒక కేక వినిపించింది. ఒక్కటే. దాని వెనకే అన్న గొంతు, "దించండి! దించండి!" అని.

పరుగెత్తాను. లిఫ్టు కింద ఉండాల్సిన మనిషి రంగు డబ్బా తేవడానికి వెళ్లాడు. కింది మనిషి కదలకూడదని శిక్షణలో పదిసార్లు చెబుతారు, కదలని వాణ్ని నేను ఇంతవరకూ చూడలేదు. పైన బుట్ట దూలానికి ఆనుకుని ఉంది. పెయింటర్ లీవర్ల పెట్టె మీద బోర్లా వంగి ఉన్నాడు. వీపు మీద దూలం, ఛాతీ కింద లీవర్. మనిషి ఎంత నలిగితే లీవర్ అంత నొక్కుకుంటుంది. లీవర్ నొక్కుకున్నకొద్దీ బుట్ట పైకి లేస్తూనే ఉంటుంది. అన్నీ ఆపేసే ఎర్ర బటన్ కూడా అతని ఒంటి కిందే ఉండిపోయింది.

కింది పెట్టెలో తాళం తిప్పాను. అలా తిప్పితే పైన లీవర్లు పనిచేయవు, అధికారమంతా కింది మనిషిదే. దించే బటన్ నొక్కి పట్టుకున్నాను. బుట్ట దిగడానికి నిమిషం కూడా పట్టి ఉండదు. నా పైప్రాణాలు పైనే ఉన్నాయి ఆ నిమిషమంతా.

ఇద్దరి బెల్టులూ బుట్టకే తగిలించి ఉన్నాయి. ఆ విషయంలో అన్న ఇరవై రెండేళ్లలో ఒక్క రోజు కూడా తప్పలేదు. నలుగురు కలిసి పెయింటర్‌ని దించి నేల మీద పడుకోబెట్టారు. పెదవులు నల్లగా అయిపోయాయి. అన్న పక్కనే కూలబడ్డాడు. నేను బుట్టలోకి ఎక్కి కరెంటు ఆపాను.

ఆపి దిగాను. అంతే.

11, బుధవారం

బుట్టలోకి ఎక్కి కరెంటు ఆపి దిగాను. ఇది నిజమే.

12, గురువారం. మధ్యాహ్నం, స్టోర్ రూములో

నిజమే, కానీ మొత్తం కాదు. ఈ పుస్తకం చదివేది నేనొక్కదాన్నే. నా దగ్గర నేనే బుకాయించడం ఏమిటి, సిగ్గులేకపోతే సరి.

బుట్టలో ఆపరేటరు కుడికాలి దగ్గర ఒక పెడల్ ఉంటుంది. దాని మీద ఇనప మూత, మధ్యలో పాదం దూరేంత సందు. పెడల్ తొక్కి పట్టుకున్నంతసేపే లీవర్లు పనిచేస్తాయి. కాలు తీస్తే లీవర్‌ని ఎంత లాగినా బుట్ట కదలదు. పొరపాటున మోచెయ్యి తగిలినా, మనిషే లీవర్ మీద పడినా ప్రాణం పోకూడదని ఆ ఏర్పాటు. కొత్త లిఫ్టుల్లో పెడల్ తొక్కి ఊరికే ఉంచితే కాసేపటికి అదే ఆగిపోతుంది. అన్నది పాత లిఫ్టు. తొక్కి ఉంచితే సాయంత్రం దాకా అలాగే ఉంటుంది.

అన్న కుడి మోకాలు అరిగిపోయింది. రోజంతా పెడల్ తొక్కి ఇంటికి వచ్చేసరికి వాచిపోయేది. మెట్లెక్కలేక కింద మెట్టు మీదే కూర్చుని, షూ లేసులు విప్పుకుంటున్నట్టు నటించేవాడు. మొదట్లో పెడల్ సందులో గుడ్డ కుక్కాడు, అది జారిపోయింది. తర్వాత ఇటుక ముక్క పెట్టాడు. ఒకరోజు లిఫ్టు చూస్తూ ఆ ఇటుక ముక్క చూశాను. అంత ఎత్తునుంచి జారి ఎవరి నెత్తిన పడితే? నాకు ఒళ్లు మండిపోయింది. నోటికొచ్చినట్టు తిట్టాను. తిట్టి, మర్నాడు నేనే ఒక చెక్క చేసిచ్చాను.

పాత గుమ్మం తాలూకు చెక్క, ఇనుము లాంటిది. సందు కొలత తీసుకుని కోశాను. ఒక వైపు పల్చగా చెక్కాను. గరుకు కాగితంతో నున్నగా రుద్దాను. మూతకీ పెడల్‌కీ మధ్య నెడితే అతికించినట్టు ఉండిపోయేది. చివర చిల్లు పెట్టి తాడు కట్టి, ఆ తాడు బుట్ట కడ్డీకి ముడేశాను. పైనుంచి కింద పడకూడదని. జాగ్రత్త కోసం! నా జాగ్రత్త తగలెయ్య.

అన్న మురిసిపోయాడు. "చూశారా, మా చెల్లెలి చేతిలో పనితనం ఉంది" అని యార్డులో నలుగురికీ చూపించాడు. నేనూ ఉబ్బిపోయాను. పొగిడితే ఉబ్బే జాతి మాది. కొద్ది రోజులే అనుకున్నాం, మోకాలికి ఏదో ఒకటి చేయించేదాకా. ఐదు నెలలు గడిచాయి.

పొద్దున్న చెక్ షీటులో 'పెడల్ వదిలితే కదలిక ఆగుతోందా' అని ఒక గడి ఉంటుంది. రోజూ చెక్క తీసి, పెడల్ తొక్కి, వదిలి, ఆగిందని చూసి, టిక్కు పెట్టి సంతకం చేసేదాన్ని. ఆ తర్వాత అన్న చెక్క పెట్టుకునేవాడు, నేను అటు తిరిగి పానాలు సర్దుకునేదాన్ని. షీటులో ఒక్క అబద్ధం కూడా లేదు. ఈ మాట నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో లెక్కలేదు.

సోమవారం బుట్ట ఎక్కి కరెంటు ఆపాక చెక్క లాగాను. రాలేదు. వెనకవైపు నుంచి పానాతో రెండు దెబ్బలు వేస్తే ఊడింది. తాడు తెగిపోయి ఉంది. అందరూ పెయింటర్ చుట్టూ మూగారు. చెక్క జేబులో వేసుకున్నాను. అన్న ఒక్కడే చూశాడు, చూసి తల దించుకున్నాడు.

14, శనివారం

ఓనరు గదిలో అన్న వాంగ్మూలం ఇచ్చాడు. నన్నూ కూర్చోమన్నారు.

"నేను వెనక్కి తిరిగి రంగు డబ్బా కొక్కేనికి తగిలిస్తున్నాను సార్. అతను దూలం అవతలి వైపు అందుకోవాలని లీవర్ల మీదకి వంగాడు. నేను ఇటు తిరిగేసరికి బుట్ట లేస్తోంది."

ఒక్కొక్క మాటా నిజం.

"మరి పెడల్ ఎవరు తొక్కారయ్యా?" అన్నాడు ఓనరు.

అన్న మోకాలు రుద్దుకున్నాడు. "నా కాలు లేదు సార్. అతనిదే అయ్యుండాలి."

ఓనరు నా వైపు తిరిగాడు. "పెడల్ బాగానే ఉందా అమ్మా?"

"బాగానే ఉందండీ" అన్నాను. పెడల్ నిజంగానే బాగుంది. రాయి లాంటి పెడల్.

ఇంటికి నడుస్తుంటే అన్నే మొదలుపెట్టాడు. "అతను కోలుకుంటాడు. డాక్టరు చెప్పాడు. నా ఆపరేటరు కార్డు రద్దయితే ఇంక ఈ వయసులో నన్ను బుట్ట ఎక్కించేవాడెవడు? ఇల్లంతా వీధిన పడుతుంది." వీధి మలుపు తిరిగాక మళ్లీ అన్నాడు, "నీ సంతకం కూడా ఉంది కదే ఆ షీట్ల మీద. నీ గురించీ ఆలోచిస్తున్నాను."

నాన్న పోయినప్పుడు నాకు పదమూడేళ్లు, అన్నకి పాతికేళ్లు. నన్ను మెకానిక్ కోర్సులో చేర్చినందుకు చుట్టాలంతా నవ్వారు. ఆడపిల్లకి గ్రీజు అంటించి ఎవడికిస్తావురా అన్నారు. అన్న లెక్కచేయలేదు. నా పెళ్లి మూడేళ్లకే బెడిసికొడితే పెట్టె మోసుకుని ఇంటికి తెచ్చుకున్నదీ అన్నే. పదకొండేళ్లుగా ఆ ఇంట్లో ముందుగది నాది.

వదినకి చెక్క సంగతి తెలియదు. అన్నం వడ్డిస్తూ, "మీ అన్న నిద్రపోవడం లేదు, కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. నువ్వే ఏదో ఒకటి చెప్పు అమ్మాయ్" అంది. చెబుతానన్నాను.

15, ఆదివారం

బట్టలు ఉతికాను. ఆ ప్యాంటు రెండుసార్లు ఉతికాను. చెక్క ఇప్పుడు నా పెట్టెలో, డ్రిల్లు బిట్ల కింద ఉంది. ఎందుకు పారెయ్యలేదో తెలియదు. బాగా చేసిన వస్తువు పారెయ్యడానికి చెయ్యి రాదు, అదే కారణం అయ్యుంటుంది.

17, మంగళవారం

ప్రమాదం సంగతి చూడ్డానికి సర్కారు తనిఖీ ఆయన వచ్చాడు. చిన్న మనిషి, పెద్ద కళ్లద్దాలు. లిఫ్టుని యార్డులో ఒక మూల తాళ్లు కట్టి పెట్టాం. ఆయన బుట్టలోకి ఎక్కి మోకాళ్ల మీద కూర్చుని, టార్చి వేసి, పెడల్ ముందు పావుగంట ఉన్నాడు. నా గుండె దడ ఆయనకి వినిపిస్తుందేమోనని ఇంకో లిఫ్టు ఇంజను వేసి ఉంచాను.

"మూత లోపలి వైపు పెయింటు అరిగిపోయింది. చూశారా అమ్మా?" అన్నాడు.

"షూ తగులుతుందండీ."

"షూ తగిలితే ముందువైపు అరగాలి. ఇది మధ్యలో, చదరంగా అరిగింది." కళ్లద్దాలు తుడుచుకుని పెట్టుకున్నాడు. "లిఫ్టు చూసుకునేది మీరు. అందుకని మీ రిపోర్టు కావాలి, మీ మాటల్లో, రాతపూర్వకంగా. కాలు పెట్టకుండా ఈ పెడల్ కిందికి ఉండే అవకాశం ఉందా లేదా. ఇరవయ్యారో తారీఖుకి ఇవ్వండి."

"లేదని రాస్తే?"

"లేదంటే పెయింటర్ కాలే. ఎత్తు మీద పనిచేసే అతని కార్డు తీసేస్తారు. తప్పు అతనిదే కాబట్టి కంపెనీకి బాధ్యత ఉండదు." టార్చి ఆర్పి, "ఉందంటే ఎలా ఉందో కూడా రాయాలి" అన్నాడు.

ఆయన వెళ్లాక ఆ ఇంజను ఆపడం మర్చిపోయాను.

19, గురువారం

ఆసుపత్రికి వెళ్లాను. వెళ్లకపోతే బాగోదని. ఇంకా నిజంగా చెప్పాలంటే, అతనికి ఏం గుర్తుందో తెలుసుకుందామని.

మూడో అంతస్తు, కిటికీ పక్క మంచం. ఛాతీ చుట్టూ కట్టు, ముక్కులో గొట్టం. ముప్పయ్యేళ్లు కూడా ఉండవు. వేళ్ల సందుల్లో రంగు ఇంకా పోలేదు. అతని భార్య నాకు కుర్చీ వేసి, "కూర్చో అక్కా. మా ఆయన్ని దించింది నువ్వే కదా" అంది. నా చెయ్యి పట్టుకుని కళ్లకద్దుకుంది. అప్పుడే లేచి పారిపోవాల్సింది.

అతను మెల్లగా మాట్లాడాడు, ఒక్కో మాటకీ ఊపిరి కూడదీసుకుంటూ. "అక్కా, మీకు సారీ చెప్పాలి."

"ఎందుకు?"

"మీ అన్నకి చెడ్డపేరు తెచ్చాను. ఆయన చాలా జాగ్రత్త మనిషి. ఎక్కీ ఎక్కగానే నా బెల్టు ఆయనే తగిలిస్తాడు. నా కాలు పెడల్ మీదకి ఎలా పోయిందో తెలియడం లేదక్కా. ఎంత గుర్తు చేసుకున్నా రావడం లేదు. దూలం దగ్గరికి రావడం గుర్తుంది, తర్వాత ఈ మంచం గుర్తుంది." కాసేపు కళ్లు మూసుకున్నాడు. "మా నాన్న కూడా పెయింటరే. కుంచె పట్టడం నేర్పింది ఆయనే. మొన్న ఫోన్లో అడిగాడు, ఆ కాలు అక్కడెందుకు పెట్టావురా, అంత ఒళ్లు తెలియకుండా పని చేస్తావా అని. ఏం చెప్పను? నాకే తెలియదు."

"పర్లేదులే. మనసులో పెట్టుకోకు" అన్నాను.

20, శుక్రవారం

పర్లేదులే అన్నాను. అతను క్షమించమని అడిగితే నేను క్షమించాను.

21, శనివారం

అసలు లీవర్ల మీదకి వంగమని అతనికి ఎవరు చెప్పారు? బుట్టలోంచి ఒళ్లు బయటికి వంచకూడదు, అందకపోతే బుట్టనే జరపమని ఆపరేటరుని అడగాలి. కార్డు ఇచ్చేటప్పుడు ఇదే కదా మొదట చెప్పేది. కింది మనిషి కదలకుండా ఉంటే పది సెకన్లలో తాళం తిప్పేవాడు. అతనూ కదిలాడు. అన్న వెనక్కి తిరగకుండా ఉండాల్సింది. ఓనరు ఆ పాత లిఫ్టు ఎప్పుడో అమ్మేయాల్సింది. ఇంతమంది తప్పుల్లో నా వంతు వేలెడు చెక్క.

పైన రాసింది ఇప్పుడే చదువుకున్నాను. అసహ్యం వేసింది. వీళ్లందరి తప్పులూ జరిగినా మనిషి నలగకూడదనే కదా ఆ పెడల్ పెట్టింది.

23, సోమవారం



యార్డులో కొంగ అని ఒక ఆపరేటరు ఉన్నాడు. మెడ పొడుగు, కాళ్లు పొడుగు, అందుకని అందరూ అలా పిలుస్తారు, తనూ పలుకుతాడు. వాడి లిఫ్టు పని ముగించుకుని తిరిగొచ్చింది. మామూలుగా చూద్దామని బుట్ట ఎక్కాను. పెడల్ సందులో చెక్క. నాది కాదు. మొరటుగా కోసింది, కాకపోతే కొలత సరిగ్గా అదే. చివర చిల్లు, చిల్లుకి తాడు, తాడు బుట్ట కడ్డీకి.

కొంగని పిలిచాను. నా మొహం చూసి వాడే అన్నాడు, "తీసేస్తాన్లే అక్కా, అరవకు."

"ఎవరు నేర్పారురా నీకు?"

"ఎవరేంటి, మీ అన్న దగ్గర చూశాను. నువ్వు చేసిందే కదా మొదటిది? మెకానిక్కే చేసిచ్చిందంటే ఏం కాదనేగా." కొంచెం తగ్గి, "నేనొక్కణ్నే కాదు, ఇంకో ముగ్గురి దగ్గర ఉన్నాయి" అన్నాడు.

"ఆ పెయింటర్‌కి అంత జరిగాక కూడానా?"

"అది వేరే కదక్కా. అతను కాలు పెట్టాడు."

మేం చెప్పిన కథ యార్డంతా తిరిగొచ్చి నా ముందే నిలబడింది. ఆ కథ నమ్మబట్టే వీళ్లు హాయిగా చెక్కలు పెట్టుకుని నలభై అడుగుల ఎత్తుకి వెళుతున్నారు. నాలుగు పాత లిఫ్టులు, బుట్టకిద్దరు. నాలుగు లిఫ్టులూ తిరిగి, ఇంజన్లు ఆపించి, చెక్కలన్నీ లాక్కున్నాను. రేపు కొత్తవి కోసుకుంటారు. చేతకానిదేం కాదు కదా, కొలతలు నేనే ఇచ్చాను.

భయంగా ఉంది. ఇన్నాళ్లూ దొరికిపోతానని భయం. ఈ రోజు పట్టుకున్న భయం అది కాదు.

24, మంగళవారం

అన్న పెరట్లో పాత కుర్చీ మీద కూర్చుని మోకాలికి వేడినీళ్ల సంచి పెట్టుకున్నాడు. పొద్దున్నే, వదిన నీళ్లు పట్టడానికి వెళ్లినప్పుడు చెప్పాను, రిపోర్టులో ఉన్నదున్నట్టు రాస్తానని.

మొదట నవ్వాడు. తర్వాత మొహం మాడిపోయింది. "నిన్ను చదివించింది ఇందుకేనా?"

"కొంగ బుట్టలోనూ చెక్క ఉంది అన్నా. ఇంకో మూడింట్లో కూడా."

"ఉంటే తీసేయమని చెప్పు. నన్ను జైల్లో పెట్టిస్తే అవి ఊడతాయా?"

"అతను సారీ చెప్పాడు అన్నా. నాకు. నీ పేరు చెడగొట్టానని."

అన్న వేడినీళ్ల సంచి కింద పెట్టి, మోకాలి కేసి చూస్తూ కూర్చున్నాడు. మళ్లీ మాట్లాడేసరికి గొంతు వేరేగా ఉంది.

"నేను లాగానే" అన్నాడు.

"ఏంటి?"

"చెక్క. అతను కేక పెట్టగానే కిందికి వంగి లాగాను. పెడల్ లేస్తే ఆగిపోతుందని తెలుసు కదా నాకు. రెండు చేతులతో లాగాను. తాడు చుట్టుకుని లాగాను, తాడు తెగి చేతిలోకొచ్చింది. చెక్క మాత్రం రాలేదు. అతను నా పక్కనే మూలుగుతున్నాడు, నేను చెక్కతో కుస్తీ పడుతున్నాను." అరచేయి చాపి చూపించాడు. తాడు ఒరిసిన గీత పొక్కు కట్టి ఎండిపోయింది. పదిహేను రోజులు ఒకే ఇంట్లో తిరిగి ఆ చెయ్యి చూడలేదు నేను. "ఇటుక ముక్క అయితే ఒక్క తన్నుకి ఎగిరిపోయేది. గుడ్డ అయితే అసలు గొడవే లేదు. అంత బాగా చేశావే నువ్వు."

తిట్టడానికి అనలేదు. అది నాకు తెలుసు. తిట్టినా బాగుండేది.

"నిజం చెబితే ఇది కూడా చెప్పాలి" అన్నాడు. "నీ చేతి పని వల్ల మనిషి చావబోయాడని నా నోటితో చెప్పనా? అందుకే అతని కాలన్నాను. రాయకు. నా కోసం కాదు."

వదిన నీళ్లతో వచ్చింది. అన్న కళ్లు తుడుచుకుని, మోకాలు సలుపుతోందన్నాడు.

25, బుధవారం

నా కోసమే అన్నాడు. నమ్మాలని ఉంది. నమ్మితే రాయక్కర్లేదు.

26, గురువారం

ఇచ్చేశాను.

రాత్రి మూడు కాగితాలు చింపాను, పొద్దున్న నాలుగోది రాశాను. మొదటి మూడింట్లో 'చెక్క ఉండేది', 'చెక్క పెట్టబడింది' అని రాశాను, చెక్క దానంతటది చెట్టు మీంచి వచ్చి పెడల్ మీద కూర్చున్నట్టు. నాలుగోదానిలో ఇలా రాశాను: కాలు పెట్టకుండా ఈ పెడల్ కిందికి ఉండే అవకాశం ఉంది. ఐదు నెలలుగా ఉంది. చెక్క నేను చేశాను. ప్రమాదం తర్వాత తీసి దాచింది కూడా నేనే. పెయింటర్ కాలు పెడల్ మీద లేదు, మూత కింద చెక్క ఉండగా ఎవరి పాదమూ దూరదు. ఆపరేటరు చెక్క లాగడానికి ప్రయత్నించాడు, నా పని గట్టిది కాబట్టి రాలేదు. ఇంకో నాలుగు లిఫ్టుల్లో కూడా ఇలాంటివి దొరికాయి.

తనిఖీ ఆయన నిలబడే చదివాడు. చదివి కూర్చున్నాడు. నేను ఐదు చెక్కలూ బల్ల మీద పెట్టాను. ఆయన అన్నిటినీ తిప్పి చూసి, నాది చేతిలో పట్టుకుని, "ఇది మీదే కదూ" అన్నాడు. ఎలా తెలిసిందని అడగలేదు.

"ఇది ఇస్తే మీ మీద కూడా చర్య ఉంటుంది, తెలుసు కదా అమ్మా?"

"తెలుసండీ. ఆ నాలుగు లిఫ్టుల సంగతి ఈ రోజే చూడండి. రేపు ఉదయం మూడు పనికి వెళ్లాలి."

గంటలో మా యార్డులో లిఫ్టులన్నీ ఆపించారు. ఓనరు నన్ను చూసి ఒంటికాలి మీద లేచాడు. ఇంక యార్డులోకి అడుగు పెట్టొద్దన్నాడు. కొంగ గేటు దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోయాడు.

27, శుక్రవారం

అన్న కార్డు రద్దు చేశారు. కేసు ఉంటుందట, ఇద్దరి మీదా. వదినకి మొత్తం తెలిసింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. స్టవ్వు దగ్గర నిలబడి, నా వైపు తిరగకుండా, "పదకొండేళ్లు నా కూతురిలా చూశాను నిన్ను. నాకొక్క మాట చెబితే నేనే ఆయన్ని తీసుకెళ్లి చెప్పించేదాన్ని కదా. ఇద్దరూ కలిసి నన్ను ఇంట్లో కుర్చీలా ఓ మూల పడేశారు" అంది. వదిన సంగతి నేనసలు ఆలోచించనే లేదు.

వేరే గది చూసుకున్నాను. ఎవరూ పొమ్మనలేదు, ఉండమనీ అనలేదు. పెట్టె నేనే మోస్తానంటే అన్న వినలేదు. ఒక్కో మెట్టు మీదా ఆగుతూ, ఒక చెయ్యి గోడకి ఆనించి, కింద దాకా మోశాడు. బండిలో పెట్టి, తాడు బిగించి, బిగిసిందో లేదో లాగి చూసి లోపలికి వెళ్లిపోయాడు. బండి కదిలాక ఏడ్చాను. నడిపే అతను రేడియో గొంతు పెంచాడు, మర్యాద తెలిసినవాడు.

28, శనివారం

మూడో అంతస్తు. కట్టు తగ్గించారు, ముక్కులో గొట్టం లేదు. దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. తనిఖీ ఆయన నిన్ననే వచ్చి అన్నీ చెప్పి వెళ్లాడని అతని భార్య మొహం చూడగానే అర్థమైంది. ఈసారి కుర్చీ వేయలేదు. నేనూ కూర్చోలేదు.

తోవ పొడుగునా మాటలు కూర్చుకుంటూ వెళ్లాను. అన్న మోకాలి గురించి, చెక్క ఎలా మొదలైందో, అన్న ఎంత లాగాడో. ఒక్కటీ పైకి రాలేదు. "తప్పు మాది. నువ్వేం చేయలేదు" అన్నాను.

అతను దిండుకి ఇంకాస్త వెనక్కి జరిగాడు. "ఎప్పట్నుంచి తెలుసు?"

"మొదటి రోజు నుంచీ."

"మొన్న వచ్చినప్పుడు కూడా?"

"అప్పుడు కూడా."

"నేను సారీ చెప్పాను నీకు." మొన్న మీరు అన్నాడు. "ఊపిరి అందక చెమటలు కక్కుతూ చెప్పాను. నువ్వు విని, సరేనని వెళ్లిపోయావు."

అవునన్నాను.

"పడుకుంటే ఈ కాలే కనిపించేది నాకు. తిట్టుకునేవాణ్ని. మొన్న ఈమెతో అన్నాను, ఇంక నేను ఎత్తెక్కకూడదు, నా ఒళ్లు నా మాట వినడం లేదు, నా పక్కన నిలబడ్డవాణ్ని కూడా చంపేస్తాను అని." దగ్గొచ్చింది. ఛాతీ పట్టుకుని వంగిపోయాడు. భార్య వీపు నిమిరింది. నేను ఒకడుగు ముందుకు వేశాను, ఆమె చెయ్యెత్తి ఆపింది.

"నిన్ను నేనేమీ అనను" అంది ఆమె. "నువ్వు చెప్పకపోతే ఎవరూ చెప్పేవాళ్లు కాదు, అది తెలుసు. ఆ రోజు దించింది నువ్వే, అదీ తెలుసు. అయినా నువ్విక్కడ నిలబడితే నాకు ఒళ్లు మండుతోంది అక్కా. ఇంక రావద్దు."

సరేనన్నాను. క్షమించమని అడుగుదామని వెళ్లినదాన్ని, అడగకుండానే బయటికి వచ్చాను. అతని దగ్గర అది అడిగే హక్కు నాకు లేదని ఆ గదిలో నిలబడ్డాక గానీ తెలియలేదు.

తలుపు దగ్గరగా వేసి ఉంది, పూర్తిగా పడలేదు. మెట్ల దగ్గరికి వెళ్లేసరికి లోపల్నుంచి అతని గొంతు వినిపించింది.

"నాన్నకి ఫోన్ చెయ్యి."

"కాసేపాగు, ఊపిరి తీసుకో. సాయంత్రం చేద్దాం."

"ఇప్పుడే చెయ్యి. నా కాలు కాదని చెప్పాలి."

ఫోను కలిసినట్టుంది. ఆయనకి వినిపించలేదేమో, అతను ఇంకొంచెం గట్టిగా, ఆగి ఆగి, మళ్లీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.